పళ్ళెం కింద నూట పన్నెండు మంది

రిటైరైన రోజు నాకు ఒక శాలువా, ఒక గోడ గడియారం, ఒక పూలగుత్తి ఇచ్చారు. పూలగుత్తి ఆటోలోనే వాడిపోయింది. శాలువాను పురుగులు తిన్నాయి. గడియారం రెండేళ్ళు తిరిగి, ఇక నా వల్ల కాదని ఆగిపోయింది. ఆ ఆఫీసు నాకిచ్చిన వాటిలో ఇప్పటికీ చెడిపోకుండా ఉన్నది ఒక్క కోపమే. దానికి సెల్లు మార్చే పని కూడా లేదు.

మా వాడలో కంప్యూటర్ చదువులు చదివిన పిల్లలున్నారు. "తాతా, మీ జమానల కంప్యూటర్లు ఉండెనా?" అని అడుగుతారు, నేనేదో గుహలోంచి వచ్చినట్టు. ఉండేవి నాయనా. మీ జేబులో ఉన్నదాని కంటే తెలివి తక్కువ, మర్యాద ఎక్కువ. చంద్రపూర్ ఎండలకు ఊరంతా తడిగుడ్డ నెత్తిన వేసుకుని తిరుగుతుంటే అది మాత్రం ఏసీ గదిలో కూర్చునేది. దాని దగ్గరికి వెళ్ళాలంటే చెప్పులు బయట విడవాలి. బొగ్గు ఊరు కదా, సాక్సులు వేసుకుని లోపలికి పోతే నల్లటి అడుగులు పడతాయని మా ఆఫీసరు సారు సాక్సులు కూడా విప్పించేవాడు. దసరాకు దానికి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ మాత్రం గది బయట కొట్టేవాళ్ళం, నీళ్ళు పడితే షాక్ కొడుతుందని. దేవుడి దగ్గర కూడా అంత జాగ్రత్త పడలేదు మేము.

ఇప్పుడు చెప్పబోయేది ఆ యంత్రం గురించి కాదు. దానిలో ఒక చిన్న ఫైలు, ఆ ఫైలులో ఒక్క వరస, ఆ వరస ముందు పెట్టిన ఒక్క గుర్తు. ఆ గుర్తు వల్ల నూట పన్నెండు కుటుంబాలు దొంగలైపోయాయి, ఒక మంచి మనిషి నౌకరీ పోబోయింది. మీరు రోజూ అలాంటి గుర్తులు వంద పెడుతుంటారు కాబట్టి చెబుతున్నాను.

ముందు నా సంగతి. నేను మరాఠీ బడిలో ఏడో తరగతి దాకా చదివాను. మా లెక్కల మాస్టరూ నేనూ ఒకే బడిలో ఉండలేమని తేలిపోయింది. ఆయనకు పెళ్ళాం పిల్లలున్నారు, అందుకని నేను మానేశాను. తరువాత బజారులో ఒక తెలుగు సేటు ధాన్యం దుకాణంలో తూకం పట్టాను. తెలుగు అక్షరాలు కూడా అక్కడే, పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద నేర్చుకున్నాను. ఆ తరువాత బొగ్గు గనుల ఆఫీసులో అటెండెంటుగా చేరాను. దేశమంతా తలుపులు తెరుస్తున్నారని పేపర్లో రాసిన ఆ సంవత్సరాల్లోనే మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. ఆ గది తలుపు తీయడానికి, మూయడానికి, దుమ్ము తుడవడానికి నన్ను పెట్టారు.

తుడుస్తూ తుడుస్తూ చూశాను. నాగపూర్ నుంచి వచ్చే ఇంజనీర్లు ఏం కొడుతున్నారో వాళ్ళ భుజం మీదుగా చూసి, ఇంటికి పోయి రాసుకునేవాణ్ణి. మూడేళ్ళకు పొద్దున్నే యంత్రాన్ని లేపేది నేను, శనివారం లోపలున్నదంతా టేపు మీదికి ఎక్కించేది నేను, డిస్కులు ఎంత నిండాయో రోజూ రిజిస్టరులో రాసేది నేను. కాగితం మీద మాత్రం అటెండెంటునే. పెద్ద పాస్‌వర్డ్ మా సారు కూతురి పేరు. ఆఫీసులో టీ తెచ్చేవాడికి కూడా తెలుసు.

అప్పుడు రాజురా వైపు కొత్త ఓపెన్‌కాస్ట్ గని తవ్వాలని నిర్ణయమైంది. భూమి పోయే ప్రతి కుటుంబానికీ గనిలో ఒక నౌకరీ. ఆ నౌకరీకి పేరు మా ఆఫీసులో ఎక్కించుకోవాలి, గడువు దాటితే లేదు. మా సారుకు ఇదే మంచి సందు దొరికింది. "కాగితం లేని ఆఫీసు చేసి చూపిస్తాను" అన్నాడు. రైతు తన సాత్‌బారా, అంటే పొలం ఎవరి పేరున ఉందో చెప్పే పత్రం, తెచ్చి చూపించాలి. ఆపరేటరు చూసి కొడతాడు. ప్రింటరు నుంచి నంబరు వేసిన చీటీ వస్తుంది. పత్రం రైతుకు తిరిగి ఇచ్చేయాలి. మా దగ్గర ఒక్క కాగితం ముక్క ఉండకూడదు. నాగపూర్ నుంచి పెద్దవాళ్ళు వచ్చి చూసి మెచ్చుకుని పోయారు. కాగితం ఉంటే నాలుగు రోజులకు చిరుగుతుందేమో గానీ, కనిపించకుండా మాత్రం పోదని అప్పుడెవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఈ పని కోసమే రెండో డిస్కు కొన్నారు. కొట్టడానికి ఒక కుర్రాణ్ణి టెంపరరీగా తీసుకున్నారు. కుర్రాడంటే ఇరవై ఆరేళ్ళవాడు, పెళ్ళైనవాడు. రాజురా అవతల తెలుగు ఊరు, రోజూ బస్సులో వచ్చేవాడు. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. అతనికి ముందు మా మరాఠీ క్లర్కులు ఎల్లయ్యను యల్లప్ప చేసేవాళ్ళు, పోచమ్మను పుష్పాబాయి చేసేవాళ్ళు. తమ్ముడు మాత్రం ముసలాళ్ళను కూర్చోబెట్టి, "కాకా, నీ పేరు నువ్వే చెప్పు, నిమ్మలంగ చెప్పు" అని అడిగి, కొట్టి, తెర వాళ్ళ వైపు తిప్పి చూపించేవాడు. చదువు రానివాళ్ళు కూడా తెరను కాసేపు చూసి, సరే అనేవాళ్ళు.

ఊరికో రోజు ఇచ్చారు. తమ్ముడి వైపు తెలుగు ఊళ్ళకు ఆఖరి మూడు రోజులు పడ్డాయి. మంగళ, బుధ, గురువారాలు. గురువారం సాయంత్రంతో గడువు అయిపోతుంది.

ఇక ఆ ఫైలు సంగతి. యంత్రం పొద్దున్నే లేవగానే ఎఫ్‌స్టాబ్ అనే ఒక జాబితా చదువుతుంది. ఏ డిస్కు ఉంది, దాన్ని ఎక్కడ తగిలించాలి, తగిలించే ముందు పరీక్ష చేయాలా వద్దా, ఒక్కో డిస్కుకు ఒక్కో వరస. మా ఊరి కరెంటు ఎప్పుడు పోతుందో కరెంటు ఆఫీసుకే తెలియదు. పోయినప్పుడల్లా యంత్రం ధబేల్న పడేది, మర్నాడు లేచేటప్పుడు రెండో డిస్కును అరగంట పరీక్ష చేసేది. ఆ అరగంట మా సారుకు నచ్చేది కాదు. ఎవరో పెద్దవాళ్ళు మంగళవారం పొద్దున వస్తున్నారు, తెర నల్లగా ఉంటే పరువు పోతుందని సోమవారం నాగపూర్ ఇంజనీరును పిలిపించాడు.

ఆ ఇంజనీరు మే నెలలో చంద్రపూర్‌కు టై కట్టుకుని వచ్చిన మనిషి. అంతకంటే అతని గురించి చెప్పేది లేదు. ఎఫ్‌స్టాబ్ తెరిచి, రెండో డిస్కు వరస ముందు అడ్డం రెండు గీతలు, నిలువు రెండు గీతల గుర్తు ఒకటి పెట్టాడు. నేను వెనకే నిలబడి ఉన్నాను.

"ఏంది సార్ ఆ కిటికీ జాలీ?" అని హిందీలో అడిగాను.

"నీకు అవసరం లేనిది," అన్నాడు.

అవసరం లేనిది. ఆ మాట నాకు ఇప్పటికీ అన్నం తినేటప్పుడు అడ్డం పడుతుంది. ఆ గుర్తు ఉన్న వరసను యంత్రం చదవదు. చదవకపోతే పరీక్ష చేయదు. నిజమే. కానీ చదవకపోతే ఆ డిస్కును తగిలించదు కూడా. ఆ సంగతి అతనికి తెలుసు. ఒక్క పొద్దున గడిస్తే చాలు, పెద్దవాళ్ళు వచ్చి పోయాక తీసేద్దాం అనుకుని సాయంత్రం రైలెక్కి పోయాడు. మాకు చెప్పలేదు. చెప్పడానికి మేమెవరం?

మంగళవారం పొద్దున యంత్రం అయిదు నిమిషాల్లో లేచింది. నాకు పండగ. టీ తెప్పించి, "ఇయ్యాల దీనికి ఎవరో మంచి మందు పోసిన్రు" అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. పెద్దవాళ్ళు వచ్చారు, తెర వెలుగుతుంటే చూశారు, సమోసాలు తిన్నారు, పోయారు. తమ్ముడు మొదటి రైతు పేరు కొట్టి చీటీ చింపి, దాన్ని రెండుసార్లు చూసి, నన్ను పిలిచాడు.

"అన్నా, నంబరు మల్ల ఒకటి కాడికెల్లి వస్తుందే."

"వస్తే ఏమాయె? బోణీ మంచిగైంది."

"అది గాదే. శుక్కురారం అయిదు నూర్లు దాటినం గదా."

"ఊరు మారింది తమ్మీ, నంబర్లు గూడ మారినయ్. మీ తెలుగోళ్ళకు ఫస్ట్ నంబరు వస్తే గూడ ఫిర్యాదేనా?"

లైనులో ఉన్నవాళ్ళు నవ్వారు. తమ్ముడు కూడా కొంచెం నవ్వాడు. "నువ్వంటున్నవంటే సరే" అని మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు.

నాకు ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. నంబర్లు మారతాయని ఎవరూ నాకు చెప్పలేదు. తెలియదు అనడం కంటే జోకు వేయడం నాకు సులువు, అంతే. ఏడో తరగతి నుంచీ అదే నా విద్య. తెలియనిచోట నవ్విస్తే ఎవరూ మళ్ళీ అడగరు.

మూడు రోజుల్లో నూట పన్నెండు మంది వచ్చారు. శుక్రవారం పొద్దున టై ఇంజనీరు ప్రింటరు రిపేరు అని వచ్చాడు. నేనే తలుపు తీశాను, నేనే టీ ఇచ్చాను. యంత్రం ముందు కూర్చుని ఏదో చేశాడు, అరగంట పరీక్ష నడిచింది, పోయాడు. మళ్ళీ పాత రోగం వచ్చిందే అనుకున్నాను. శనివారం ఎప్పటిలాగే టేపు ఎక్కించాను.

సోమవారం సారు ఆఖరి జాబితా తీయించాడు. అందులో తెలుగు ఊళ్ళవాళ్ళ పేరు ఒక్కటి కూడా లేదు.

సంగతి తెలిసి ఆ ఊళ్ళ నుంచి నలుగురైదుగురు చీటీలు పట్టుకుని మధ్యాహ్నానికల్లా వచ్చారు. సారు చీటీ నంబరు చూశాడు, జాబితా చూశాడు. ఏడో నంబరు చీటీ ఇక్కడ ఒకరి చేతిలో ఉంది, జాబితాలో ఏడో నంబరు మరాఠీ ఊళ్ళోని ఇంకొకరిది. పన్నెండో నంబరూ అంతే. ఇరవయ్యో నంబరూ అంతే. ఇక ఆయనకు అంతా తెలిసిపోయింది. తప్పు తెలుసుకోవడం కంటే దొంగను పట్టుకోవడం ఆయనకు ఎప్పుడూ తొందరగా వచ్చేది.

తమ్ముణ్ణి పిలిచాడు. "వీళ్ళు నీ మనుషులేనా?" అని మరాఠీలో అడిగాడు.

"మా దిక్కోళ్ళే సార్."

"నీ మనుషుల కోసం దొంగ చీటీలు ప్రింటు తీశావు. యంత్రంలో ఎక్కించలేదు. నంబరు కూడా ఏది దొరికితే అది వేశావు. కనీసం దొంగతనమైనా సరిగా చేయలేకపోయావు."

"నేను కొట్టిన సార్. అందరియి కొట్టిన. నంబరు యంత్రమే ఇచ్చింది."

"యంత్రం ఒకే నంబరు ఇద్దరికి ఇస్తుందా? ఒకటి నుంచి వస్తుంటే నీకు అనుమానం రాలేదా? ఎవరినైనా అడిగావా?"

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను, గుడ్డ చేతిలో పట్టుకుని. తమ్ముడు నా వైపు చూడలేదు. "అడగలే సార్" అన్నాడు.

అంత నోరున్నవాణ్ణి, ఆఫీసు మొత్తాన్ని ఆట పట్టించేవాణ్ణి, ఆ ఒక్క నిమిషం గుడ్డను మడతలు పెడుతూ నిలబడ్డాను. సారు మీద, ఇంజనీరు మీద నాకున్న కోపం లెక్కలేనంత. కానీ ఆ గుడ్డ మడతలు పెట్టిన చేతుల మీద ఉన్న కోపం ముందు అది చిన్నదే.

తమ్ముణ్ణి ఆ రోజే ఇంటికి పంపేశారు. శనివారం నాగపూర్ నుంచి విచారణ అధికారి వస్తాడు, తప్పు తేలితే పోలీసు కేసు. ఆ నూట పన్నెండు కుటుంబాలకు గడువులో రాలేదని నౌకరీ లేదు, పైగా దొంగ చీటీ తెచ్చినందుకు కేసు.

నేను ఎస్టీడీ బూత్‌కు పోయి ఇంజనీరుకు ఫోన్ చేశాను. "సార్, మీరు ఆ జాలీ గుర్తు పెట్టినప్పటి నుంచి కాదా ఇది?" అని అడిగాను. "యంత్రం బాగానే ఉంది. నేను చూశాను. మీవాడే ఏదో చేసుంటాడు. అనవసరంగా నా పేరు తీయకు" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. యంత్రం బాగుందని ఇంజనీరే అన్నాక, ఏడో తరగతివాడు ఏమంటాడు? అనొచ్చు. అనలేదు. మంగళ, బుధ, గురు, శుక్రవారాలు అలాగే గడిచాయి. యంత్రాన్ని లేపాను, దుమ్ము తుడిచాను, రిజిస్టరు రాశాను. ఇంట్లో అందరి మీదా అరిచాను.

శనివారం పొద్దున ఆఫీసు గేటు బయట తెలుగు ఊళ్ళవాళ్ళు వచ్చి కూర్చున్నారు. నేను తాళాలు పట్టుకుని పోతుంటే ఒక ముసలి రైతు ఆపాడు. వక్క, తంబాకు కలిపిన ఖర్రా కట్టే పాలిథిన్ కాగితంలోంచి చీటీ తీశాడు. తంబాకు వాసన వస్తున్న ఆ చీటీ మీద నలభై ఒకటో నంబరు.

"బిడ్డా, ఇది ఖోటాదంటున్నరు, దొంగదంటున్నరు," అన్నాడు.

"విన్న కాకా."

"చీటీ ఖోటాదట. నేను ఖోటోన్నట. తీసుకునే భూమి మాత్రం అస్సలుదేనట."

నేను తాళాలను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను.

"ఆ పోరడు నా కండ్ల ముందల కొట్టిండు. తెర ఇటు తిప్పి, ఇగో కాకా నీ పేరు, అని చూపెట్టిండు. నాకు చదువు రాదు గని నా పేరెంత పొడుగుంటదో ఎరికే. అంత పొడుగున్నది అండ్ల. మరి అదేడికి వోయింది? గాలికి వోదు గదా."

గాలికి పోదు. సేటు దుకాణంలో నేను నేర్చుకున్న విద్య అదొక్కటే. గోనెలో పోసింది గోనెలో ఉండాలి, లేకపోతే కింద ఉండాలి. తూకం తగ్గితే ముందు దొంగను వెతకం, ముందు నేల ఊడుస్తాం. వారం రోజులుగా నేను నేల ఊడవలేదు.

గది తెరిచి రిజిస్టరు తీశాను. రోజూ నేనే రాసే రిజిస్టరు, ఎవరూ చదవని రిజిస్టరు. అలాంటిది రాసేవాడు కూడా చదవడు. మంగళవారం వరస: మొదటి డిస్కు ఎంత నిండిందో అంకె ఉంది, రెండో డిస్కు దగ్గర అడ్డగీత. బుధవారం అడ్డగీత. గురువారం అడ్డగీత. నా చేత్తో నేనే పెట్టిన మూడు అడ్డగీతలు. తెర మీద రెండో డిస్కు లైను రాలేదు, రాలేదు కాబట్టి గీత పెట్టాను, గీత పెట్టి టీ తాగాను. పైగా ఎప్పుడూ కదలని మొదటి డిస్కు అంకె ఆ మూడు రోజుల్లో మెల్లగా పెరిగింది. పెరిగింది మళ్ళీ తగ్గలేదు. ఏదో మింగి కూర్చుంది.

అప్పుడు అర్థమైంది. మీరు చదువుకున్నవాళ్ళు, మీకు ఒక్క ముక్కలో చెబితే తెలుస్తుంది. తెలియనివాళ్ళకు నేను ఇలా చెబుతాను. విస్తరి వేసి ఉంది. రోజూ ఆ విస్తరి మీద స్టీలు పళ్ళెం పెట్టి, పళ్ళెంలో వడ్డిస్తారు. మూడు రోజులు పళ్ళెం పెట్టడం మరిచిపోయారు. వడ్డించేవాడు చూడకుండా విస్తరిలోనే వడ్డించాడు. నాలుగో రోజు ఎవరో వచ్చి, ఆ అన్నం మీదే పళ్ళెం పెట్టేశారు. ఇప్పుడు పళ్ళెంలో చూసి, మూడు రోజులు వడ్డించనే లేదు, వడ్డించేవాడు దొంగ, అంటున్నారు. విస్తరి మొదటి డిస్కు, పళ్ళెం రెండో డిస్కు. పళ్ళెం ఎత్తి చూడాలి. అంతే.

పదకొండు గంటలకు విచారణ యంత్రం గదిలోనే మొదలైంది. విచారణకు వచ్చినాయన రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, తక్కువ మాట్లాడేవాడు. పక్కన మా సారు, ఇటు టై ఇంజనీరు. తమ్ముడు టిఫిన్ డబ్బా సంచితో గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. వారంలో బుగ్గలు లోపలికి పోయాయి.

నేను పిలవకుండానే లోపలికి పోయాను. "సార్, నేను ఒక్క కమాండ్ కొడత," అన్నాను.

"నువ్వు అటెండెంటువి. బయటికి పో," అన్నాడు మా సారు.

"పోత సార్. కొట్టి పోత."

విచారణ అధికారి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఏం కమాండు?"

"రెండో డిస్కును తీసి, దాని కింద ఏమున్నదో చూస్త సార్. మూడు రోజులు అది తగిలించలేదు. నా రిజిస్టరుల ఉన్నది," అని అడ్డగీతలు చూపించాను. ఇంజనీరు ముఖం చూడండి అని ఎవరికీ చెప్పనక్కరలేకపోయింది. టై ముడిని పైకి తోసుకుంటున్నాడు, అప్పటికే గొంతుకు అతుక్కుని ఉన్నా.

"కొట్టు," అన్నాడు అధికారి.

కొట్టాను. యంత్రం ఒప్పుకోలేదు. డిస్కు పనిలో ఉంది, ఎవరో దాని మీద ఉన్నారు అని జవాబిచ్చింది. ఎవరా అని చూస్తే, మా సారు క్యాబినులో ఉన్న తెర. పొద్దున జాబితా చూసుకుని అలాగే వదిలి వచ్చాడు.

"సార్, మీరే కూర్చున్నరు దాని మీద," అన్నాను. "మీరు దిగితే గని లేవదది."

గదిలో ఎవరో దగ్గినట్టు నవ్వారు. సారు క్యాబినుకు పోయి, ఆ తెర మూసి వచ్చాడు. మళ్ళీ కొట్టాను. ఈసారి పళ్ళెం లేచింది. కింద ఏముందో చూపించమని అడిగాను. ఒక్క ఫైలు. తారీఖు గురువారం సాయంత్రంది. తెరిస్తే నూట పన్నెండు పేర్లు, ఊళ్ళతో, సర్వే నంబర్లతో, కొట్టిన సమయంతో సహా. ఎల్లయ్య ఎల్లయ్యగానే ఉన్నాడు, పోచమ్మ పోచమ్మగానే ఉంది.

అధికారి ప్రింటు తీయమన్నాడు. ప్రింటరు గీమంటూ మొదలైంది. కాగితం వస్తుంటే తమ్ముణ్ణే చదవమన్నాడు. తమ్ముడు గుమ్మం దగ్గరికి పోయి, గేటు వైపు తిరిగి, ఒక్కో నంబరూ ఒక్కో పేరూ చదివాడు. బయట నుంచి చీటీలు లేస్తున్నాయి. నలభై ఒకటి చదివినప్పుడు ముసలి రైతు నిలబడి, "ఉన్న" అన్నాడు. బళ్ళో హాజరు పిలిచినట్టు. ఆయన ఏ బడికీ పోయినవాడు కాదు.

తరువాత జరిగింది వింటే మీకూ కోపం వస్తుంది, రానీయండి. నేను ఆ జాలీ గుర్తు సంగతి చెప్పాక, అధికారి ఇంజనీరును, "ఆ వరసను ఆపింది ఎవరు?" అని అడిగాడు. ఇంజనీరు, "టెంపరరీగా జరిగింది సార్" అన్నాడు. ఎవరు చేశారని అడిగితే జరిగింది అంటాడు. వర్షం పడినట్టు. శుక్రవారం వచ్చి ఎవరికీ చెప్పకుండా ఆ గుర్తు ఎందుకు తీసేశావంటే, "రొటీన్" అన్నాడు. మా సారు మధ్యలో, "యంత్రం కొత్తది, ఇలాంటి చిన్న లోపాలు ఉంటాయి" అని సర్దిచెప్పాడు. సోమవారం ఆయన నోట దొంగతనంగా ఉన్నది శనివారానికి చిన్న లోపమైంది.

"ఒక మాట సార్," అన్నాను నేను. "ఆ తమ్ముడు ఎవర్నీ అడగలేదని చెప్పిండు. అది అబద్ధం. మంగళారం పొద్దుగాల్నే నన్ను అడిగిండు, నంబరు ఒకటి కాడికెల్లి వస్తుందేందని. నేను నవ్వి పంపిన. సోమారం ఈడనే నిలబడ్డ, నోరు తెరవలే."

అధికారి కలం ఆపి నన్ను చూశాడు. ఆ మాట రాసుకున్నాడో లేదో తెలియదు. నూట పన్నెండు పేర్లూ జాబితాలో కలిపారు, గడువులో వచ్చినట్టే. రిపోర్టులో యాంత్రిక లోపం అని రాశారు. ఇంజనీరుకు ఏమీ కాలేదు, తరువాత పెద్ద పోస్టులోకి పోయాడని విన్నాను. నాకు మాత్రం అనుమతి లేకుండా యంత్రాన్ని ముట్టుకున్నందుకు మెమో వచ్చింది. ఆ మెమో కింద సంతకం పెట్టమంటే, పేరు తెలుగులో పొడుగ్గా రాసి ఇచ్చాను, చదువుకోండని.

ఎవరూ తమ్ముడికి క్షమాపణ చెప్పలేదు. సారు అతని వైపు చూడకుండానే, "సోమవారం నుంచి రా" అన్నాడు, సెలవు నుంచి వచ్చినవాడితో అన్నట్టు.

సాయంత్రం బస్‌స్టాండులో రాజురా బస్సు కోసం నిలబడి ఉంటే నేను పోయి పక్కన నిలబడ్డాను. టీ తాగుదామన్నాను, వద్దన్నాడు. ఇద్దరం బస్సు వచ్చే వైపు చూశాం.

"తమ్మీ, సోమారం నా పేరెందుకు చెప్పలే?" అని అడిగాను. "చెప్తే నేను బద్నామైత అనుకున్నవా?"

"గట్ల గాదన్నా," అన్నాడు. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు. "నీ పేరు చెప్తే నిన్ను గూడ ఎల్లగొడ్తుండిరి. ఆ గది తాళం నీ తాన ఉండె. అండ్ల ఏమున్నదో చూడనీకి వచ్చినోడివి నువ్వొక్కనివే. నువ్వు గూడ బయటికొస్తే మమ్ముల ఎవడు ఎతుకుతడు?"

నేను జేబులోని ఆ గది తాళం తడిమి చూసుకున్నాను.

"ఇంటికాడ కూసోని రోజు అనుకుంటుంటి, ఇయ్యాల అన్న చూస్తడు, ఇయ్యాల అన్న చూస్తడని. మా ఊరోళ్ళకు గూడ అదే చెప్పిన."

బస్సు వచ్చింది. జనం తోసుకుంటుంటే అతను మెట్టు మీద ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగాడు.

"ఆరు దినాలు వట్టిందే నీకు," అన్నాడు.

లోపల కిటికీ పక్క సీటు దొరికింది అతనికి. బస్సు కదిలేదాకా బయటికి చూడలేదు.